పరిషత్ ఎన్నికలు, ఫలితాలు: కంగ్టి మండలం, సంగారెడ్డి జిల్లా

పరిషత్ ఎన్నికలు అంటే మండల ప్రజా పరిషత్తులకు, జిల్లా ప్రజా పరిషత్తులకు సభ్యులను ఎన్నుకునేందుకు రాష్ట్ర ఎన్నికల సంఘం జరిపే ఎన్నికలు. పత్రికలు వీటిని ప్రాదేశిక ఎన్నికలనీ రాస్తాయి. గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, పరిషత్ ఎన్నికల్లో ఉంటాయి. అందుకే ఊళ్లలో ఏ పార్టీ బలం ఎంతో అధికారిక లెక్కల్లో కనిపించేది వీటిలోనే. వీటి ఫలితం రెండు మెట్లలో వస్తుంది. మొదటి మెట్టులో ఓటర్లు సభ్యులను ఎన్నుకుంటారు, రెండో మెట్టులో ఆ సభ్యులు చేతులెత్తి అధ్యక్షులను ఎన్నుకుంటారు. మొదటి లెక్క ఒకరికి అనుకూలంగా వచ్చి, కుర్చీ మరొకరికి దక్కే అవకాశం ఈ పద్ధతిలోనే ఉంది.

ఈ వ్యాసం తెలంగాణలోని పరిషత్ ఎన్నికల చరిత్రను, నిర్వహణను, ఫలితాలను సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని కంగ్టి మండలాన్ని ఉదాహరణగా తీసుకుని వివరిస్తుంది.

పదజాలం

మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గానికి ఎంపీటీసీ అనీ, జిల్లా పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గానికి జడ్పీటీసీ అనీ పొట్టిపేర్లు. చట్టం ప్రకారం ఇవి నియోజకవర్గాల పేర్లు. వాడుకలో మాత్రం ఆ స్థానంలో గెలిచిన మనిషినే ఎంపీటీసీ, జడ్పీటీసీ అంటారు. ఎంపీపీ మాట కూడా అంతే. అది మండల ప్రజా పరిషత్ అనే సంస్థకు పొట్టిపేరు అయినా, ఊళ్లో ‘ఎంపీపీ వచ్చాడు’ అంటే పరిషత్ అధ్యక్షుడు వచ్చాడనే అర్థం. మండల పరిషత్ కార్యనిర్వహణ అధికారి ఎంపీడీవో. జిల్లా పరిషత్‌కు ఆ స్థానంలో ముఖ్య కార్యనిర్వహణ అధికారి ఉంటారు. మండలం మొత్తం కలిపి ఒకే జడ్పీటీసీ స్థానం. ఎంపీటీసీ స్థానాల సంఖ్య జనాభాను బట్టి మారుతుంది. ఉమ్మడి రాష్ట్ర 1994 చట్టం మూడు, నాలుగు వేల జనాభాకు ఒక ఎంపీటీసీ స్థానం అనే ప్రమాణం పెట్టింది.

కంగ్టి: పరిపాలనా నేపథ్యం

కంగ్టి కర్ణాటక సరిహద్దు మండలం. బీదర్ జిల్లా పక్కనే ఉంటుంది, మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు రాకపోకలూ ఉన్నాయి. తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఇక్కడి సంతల్లో వినిపిస్తాయి. ఇక్కడి సరిహద్దులు గీసి ఇంకా వందేళ్లు కాలేదు. నిజాం రాజ్యంలోనూ ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోనూ నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదర్ జిల్లాలో కొంత భాగాన్ని మైసూరు రాష్ట్రానికి ఇస్తూ, నారాయణఖేడ్ తాలూకాను, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకాను, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్‌ను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. అలా ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో చేరింది.

1985లో మండలాలు ఏర్పడినప్పుడు కంగ్టి మండల కేంద్రమైంది. మండలంలోని పెద్ద గ్రామాల్లో తడ్కల్ ఒకటి. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనలో మెదక్ జిల్లా మూడుగా చీలగా, కంగ్టి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మనూరు నుంచి నాగల్‌గిద్ద, కల్హేర్ నుంచి సిర్గాపూర్ కొత్త మండలాలుగా విడిపోయాయి. శాసనసభకు కంగ్టి నారాయణఖేడ్ నియోజకవర్గంలోనూ, లోక్‌సభకు జహీరాబాద్ నియోజకవర్గంలోనూ ఉంది.

పత్తి, కంది, పెసర, సోయా పండించే మెట్ట ప్రాంతం ఇది. పంట చేతికొచ్చాక కూలీలు చెరకు నరకడానికీ, పట్నంలో పనులకూ వలస వెళ్తారు. ఎన్నికల తేదీ ఏ నెలలో పడిందన్నదాన్ని బట్టి తండాల్లో ఎంతమంది ఓటర్లు ఉంటారన్నది మారిపోతుంది. అభ్యర్థులు వలస వెళ్లినవారిని వాహనాల్లో రప్పించుకోవడం ఈ ప్రాంతపు ఎన్నికల్లో మామూలు దృశ్యం.

చరిత్ర

హైదరాబాద్ రాష్ట్రంలో 1955 జిల్లా బోర్డుల చట్టం, 1956 గ్రామ పంచాయతీల చట్టం స్థానిక పాలనకు చట్రం వేశాయి. అవి నిలదొక్కుకునేలోపే రాష్ట్రం మారింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ గ్రామం, సమితి, జిల్లా అనే మూడంచెల పద్ధతిని సిఫారసు చేసింది. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఈ పద్ధతి మొదలైంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం చేసింది. రాష్ట్రంలో దీన్ని ప్రధాని నెహ్రూ మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ప్రారంభించారు.

సమితి కాలంలో మొదట్లో అధ్యక్షుణ్ణి ఓటరు నేరుగా ఎన్నుకోలేదు. సర్పంచులు సమితి సభ్యులు, వారు సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. సమితి అధ్యక్షులు జిల్లా పరిషత్‌లో కూర్చునేవారు. పెద్ద భూస్వామ్య కుటుంబాలకు ఈ వ్యవస్థ బాగా కలిసొచ్చింది. సమితి కేంద్రం చాలా ఊళ్లకు దూరం కావడం మరో ఇబ్బంది. 1978లో అశోక్ మెహతా కమిటీ సమితికి బదులు చిన్న పరిమాణంలో మండల పంచాయతీలు ఉండాలని సూచించింది.

ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ సూచనను తనదైన రూపంలో అమలు చేసింది. తాలూకాలు, సమితులు రద్దయ్యాయి. వాటి స్థానంలో 1,100కు పైగా మండలాలు ఏర్పడ్డాయి. 1986 మండల ప్రజా పరిషత్తుల చట్టం కింద 1987లో ఎన్నికలు జరిగాయి. మండల అధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణీ ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఓటర్ల ఓటుతోనే కుర్చీ ఎవరిదో నిర్ణయమైన పద్ధతి ఇది. మండలాధ్యక్షుడికి జనం ఓట్లతో వచ్చిన పలుకుబడి అప్పట్లో శాసనసభ్యుడికి పోటీగా నిలిచేది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఐదేళ్ల పదవీకాలం, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, రాష్ట్ర ఎన్నికల సంఘం తప్పనిసరి అయ్యాయి. మధ్య అంచెలోనూ పై అంచెలోనూ అధ్యక్షులను సభ్యుల నుంచే ఎన్నుకోవాలని రాజ్యాంగమే చెప్పింది. దానికి తగ్గట్టు చేసిన 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంతో ఎంపీటీసీ, జడ్పీటీసీ అనే మాటలు పుట్టాయి. ఈ చట్టం కింద 1995, 2001, 2006 సంవత్సరాల్లో ఎన్నికలు జరిగాయి. 2011లో గడువు ముగిశాక ఎన్నికలు ఆగిపోయి, 2014 వరకు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది.

2014 ఏప్రిల్ 6, 11 తేదీల్లో ఉమ్మడి రాష్ట్రపు చివరి పరిషత్ ఎన్నికలు జరిగాయి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు అదే సమయంలో ఉండటంతో లెక్కింపును మే 13కు జరిపారు. తెలంగాణ జిల్లాల్లో ఓటరు ఒకే రోజు, ఒకే గదిలో రెండు పత్రాల మీద ముద్ర వేశాడు. జడ్పీటీసీల్లో తెలంగాణ రాష్ట్ర సమితి, ఎంపీటీసీల్లో కాంగ్రెస్ మొదటి స్థానంలో నిలిచాయి. 46 మండలాల మెదక్ జిల్లా పరిషత్‌కు ఆ తర్వాత రాజమణి మురళీయాదవ్ అధ్యక్షురాలయ్యారు.

రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఈ చట్టంతో పాటు తండాలు, గూడేలు పంచాయతీలుగా మారాయి. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల నాటికి రాష్ట్రంలో గ్రామ పంచాయతీలు 12,751. లంబాడీ తండాలు ఎక్కువగా ఉన్న నారాయణఖేడ్ ప్రాంతంలో ఈ మార్పు బాగా కనిపించింది. తల్లి గ్రామంలో వార్డు సభ్యుడితో సరిపెట్టుకున్న తండాకు సొంత సర్పంచు వచ్చాడు. ఎంపీటీసీ స్థానం మాత్రం చాలాచోట్ల రెండు మూడు పంచాయతీలను కలుపుకునే ఉంటుంది. తండా ఓటు, ఊరి ఓటు మళ్లీ ఒక పెట్టెలో కలిసేది ఇక్కడే.

రిజర్వేషన్లు

షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు జనాభా నిష్పత్తిలో, వెనుకబడిన తరగతులకు రాష్ట్ర చట్టం ప్రకారం, ప్రతి వర్గంలోనూ సగం మహిళలకు స్థానాలు కేటాయిస్తారు. ఎంపీటీసీ స్థానాలకు మండలం, ఎంపీపీ పదవులకూ జడ్పీటీసీ స్థానాలకూ జిల్లా, జిల్లా పరిషత్ అధ్యక్ష పదవులకు రాష్ట్రం యూనిట్. అంటే కంగ్టి జడ్పీటీసీ స్థానం ఏ వర్గానికి వస్తుందన్నది కంగ్టి జనాభా ఒక్కదాన్ని బట్టే తేలదు, జిల్లాలోని మిగతా మండలాలతో పోల్చి తేలుస్తారు. రిజర్వేషన్ల జాబితా వచ్చిన రోజునే సగం ఎన్నిక అయిపోయినట్టు. అప్పటిదాకా తిరిగిన ఆశావహుడు తప్పుకుంటాడు, లేదంటే భార్య పేరు మీద నామినేషన్ వేస్తాడు.

సరిహద్దు మండలంలో రిజర్వేషన్‌కు మరో కోణం ఉంది. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. పెళ్లిళ్లు, బంధుత్వాలు మూడు రాష్ట్రాల్లోనూ ఉన్న సమాజానికి మూడుచోట్లా మూడు హోదాలు.

మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పరిమితిని సుప్రీంకోర్టు 2010లో కె.కృష్ణమూర్తి కేసులో స్థానిక సంస్థలకు వర్తింపజేసింది. 2021 వికాస్ కిషన్‌రావ్ గవళి తీర్పు వెనుకబడిన తరగతుల కోటాకు ముందు ప్రత్యేక కమిషన్ అధ్యయనం ఉండాలంది. మొదటి తీర్పు కారణంగా 2019లో తెలంగాణ వెనుకబడిన తరగతులకు అంతకుముందున్న 34 శాతం కోటాను తగ్గించాల్సి వచ్చింది. (చూ. 2024 తర్వాత)

పోటీ, పోలింగ్, లెక్కింపు

అభ్యర్థికి 21 ఏళ్లు నిండాలి. ఎంపీటీసీ అభ్యర్థి ఆ మండలంలో, జడ్పీటీసీ అభ్యర్థి ఆ జిల్లాలో ఓటరై ఉండాలి. 2019లో ధరావతు జడ్పీటీసీకి 5,000 రూపాయలు, ఎంపీటీసీకి 2,500 రూపాయలు. రిజర్వుడు వర్గాలవారికి అందులో సగం. ఖర్చు పరిమితి జడ్పీటీసీకి 4 లక్షలు, ఎంపీటీసీకి లక్షన్నర. పరిమితి కాగితం మీద ఎంత ఉందో, పోటీ చేసినవారు ఎంత ఖర్చు పెట్టారో రెండూ ఒకటని ఏ మండలంలోనూ ఎవరూ అనుకోరు. 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుట్టినవారు పోటీకి అనర్హులనే నిబంధన మూడు దశాబ్దాల పాటు ఎన్నో నామినేషన్లను తిరస్కరణకు గురిచేసింది. ప్రభుత్వం 2025 చివర్లో దాన్ని తొలగించింది.

ఓటింగ్ యంత్రాలు ఉండవు, పోలింగ్ బ్యాలెట్ పత్రాలతోనే జరుగుతుంది. ఎంపీటీసీకి గులాబీ రంగు, జడ్పీటీసీకి తెల్ల రంగు పత్రం. ఓటరు స్వస్తిక్ ముద్రను తాను ఎంచుకున్న గుర్తుకు ఎదురుగా వేసి, సిరా మరో గుర్తు మీదికి అంటకుండా నిలువుగా మడిచి పెట్టెలో వేయాలి. ముద్ర రెండు గళ్ల మధ్య పడినా, వేలిముద్ర వేసినా, ముద్రే వేయకపోయినా ఆ ఓటు చెల్లదు. ఆధిక్యం పది, ఇరవై ఓట్లు ఉండే ఎంపీటీసీ స్థానాల్లో చెల్లని ఓట్ల కట్టే విజేతను నిర్ణయించిన సందర్భాలు అరుదు కావు. యంత్రానికి అలవాటుపడిన ఓటరుకు ఐదేళ్లకోసారి కాగితం ఎదురుకావడం దీనికి ఒక కారణం.

లెక్కింపు రోజున ముందుగా రెండు రంగుల పత్రాలను వేరు చేస్తారు. పాతిక పత్రాలకు ఒక కట్ట కట్టి, పోలింగ్ కేంద్రాల వారీగా ఓటు తెలియకుండా కలిపేస్తారు. తర్వాత కట్టలు విప్పి గుర్తుల వారీగా ట్రేలలో వేస్తారు. ఎంపీటీసీ ఫలితం సాధారణంగా మధ్యాహ్నానికి తేలుతుంది. జడ్పీటీసీకి మండలమంతా పూర్తయ్యేదాకా ఆగాలి. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. ఫలితాన్ని ప్రకటించాక గెలిచిన వ్యక్తికి ఎన్నిక ధ్రువపత్రం ఇస్తారు. అభ్యంతరాలను ఎన్నికల ట్రైబ్యునల్ ముందు పిటిషన్ ద్వారానే తేల్చుకోవాలి. ఎన్నికల ప్రక్రియలో న్యాయస్థానాల జోక్యాన్ని రాజ్యాంగం 243-ఓ అధికరణం పరిమితం చేసింది.

రెండో ఫలితం: అధ్యక్షుల ఎన్నిక

పరిషత్ ఎన్నికల్లో అసలు ఉత్కంఠ లెక్కింపు పూర్తయ్యాకే మొదలవుతుంది. మండల పరిషత్ ప్రత్యేక సమావేశంలో ముందుగా మైనారిటీ వర్గం నుంచి ఒక కో-ఆప్టెడ్ సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. జిల్లా పరిషత్‌లో ఇద్దరిని. ఆ తర్వాత అధ్యక్షుడు, ఉపాధ్యక్షుల ఎన్నిక. రహస్య ఓటు లేదు, చేతులెత్తాలి. ఓటు హక్కు నేరుగా ఎన్నికైన సభ్యులకే ఉంటుంది. శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు సమావేశానికి రావచ్చు గాని చెయ్యెత్తలేరు. సభ్యుల్లో సగం మంది లేకపోతే కోరం లేనట్టే, సమావేశం వాయిదా పడుతుంది. ఓటమి ఖాయమనుకున్న వర్గం కోరం చెడగొట్టేందుకు హాజరు కాకపోవడం పాత ఎత్తుగడ.

గుర్తింపు పొందిన పార్టీ విప్ జారీ చేయవచ్చు. విప్‌ను కాదని చెయ్యెత్తిన సభ్యుడు సభ్యత్వం కోల్పోతాడు. అయితే అతడు వేసిన ఓటు మాత్రం చెల్లుతుంది. అందుకే ఒకరి సభ్యత్వం పోయినా ఫర్వాలేదు, పదవి దక్కితే చాలనుకునే లెక్కలు నడుస్తాయి. స్వతంత్రుల మీద విప్ పనిచేయదు కాబట్టి, ఏ పార్టీకీ సగం దాటని మండలంలో ఒక్క స్వతంత్ర ఎంపీటీసీకి దొరికే గిరాకీ ఇంతా అంతా కాదు.

ఈ రెండు మెట్ల మధ్య రోజుల్లో నడిచేదే క్యాంపు రాజకీయం. గెలిచిన సభ్యులను వాహనాల్లో ఎక్కించి వేరే ఊరి హోటళ్లలో, తీర్థయాత్రల్లో తిప్పి, ఎన్నిక రోజు ఉదయం నేరుగా మండల పరిషత్ గుమ్మం దగ్గర దించడం. నారాయణఖేడ్ వైపు వారికి పక్క రాష్ట్రం గంట దూరంలోనే ఉంది. ఓటరు ఇచ్చిన తీర్పుకు, పదవికి మధ్య ఇంత ఖాళీ వదిలిన చట్టంలోనే ఈ జబ్బు మూలం ఉంది. దాన్ని సభ్యుల నీతి మీద మాత్రమే నెట్టడం న్యాయం కాదు.

2019 ఫలితాలు

తెలంగాణ ఏర్పడ్డాక జరిగిన మొదటి పరిషత్ ఎన్నికలు ఇవి. వి.నాగిరెడ్డి రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా ఉండగా మే 6, 10, 14 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ జరిగింది. హైదరాబాద్ మినహా 32 జిల్లాల్లో 538 జడ్పీటీసీ, 5,817 ఎంపీటీసీ స్థానాలు. ఎండాకాలం నడిమధ్యలో పోలింగ్ పెట్టినా మూడు విడతల్లోనూ 76 శాతం పైనే ఓట్లు పడ్డాయి.

లెక్కింపు మొదట మే 27న అనుకున్నారు. అయితే పాత పాలకవర్గాల గడువు జులై మొదటి వారం వరకు ఉంది. ఫలితాలు వెల్లడించాక అధ్యక్షుల ఎన్నికకు నెలకు పైగా ఆగితే బేరసారాలకు తలుపు తెరిచినట్టవుతుందని పార్టీలు అభ్యంతరం చెప్పాయి. లెక్కింపును జూన్ 4కు జరిపి, గడువుకు ముందే అధ్యక్షులను ఎన్నుకునేలా ఏర్పాటు చేశారు. జూన్ 7న ఎంపీపీలు, 8న జిల్లా పరిషత్ అధ్యక్షులు ఎన్నికయ్యారు. పదవీ స్వీకారం జులైలో.

ఫలితాల్లో తెలంగాణ రాష్ట్ర సమితి 449 జడ్పీటీసీలు గెలిచింది. కాంగ్రెస్‌కు 75, భారతీయ జనతా పార్టీకి 8, మిగిలినవి ఇతరులకు దక్కాయి. ఎంపీటీసీల్లో తెరాస 3,500కు పైగా, కాంగ్రెస్ 1,300కు పైగా, భాజపా 200కు పైగా స్థానాలు పొందాయి. 32 జిల్లా పరిషత్తులూ తెరాసకే వెళ్లాయి. సంగారెడ్డి జిల్లా పరిషత్‌కు పట్లోళ్ల మంజుశ్రీ జైపాల్‌రెడ్డి అధ్యక్షురాలయ్యారు. కొత్త జిల్లాకు ఇదే మొదటి పరిషత్.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. అధికార పార్టీకి జడ్పీటీసీల్లో దాదాపు 83 శాతం, ఎంపీటీసీల్లో సుమారు 61 శాతం స్థానాలు వచ్చాయి. అవే ఓటర్లు, అదే రోజు, అవే పోలింగ్ కేంద్రాలు. తేడా నియోజకవర్గం పరిమాణంలో ఉంది. మూడు నాలుగు వేల జనాభా ఉన్న ఎంపీటీసీలో అభ్యర్థి ఇల్లు ఏ వాడలో ఉందో అందరికీ తెలుసు, కులం, బంధుత్వం, పాత పంచాయితీలు అన్నీ ఓటులో చేరతాయి. మండలం మొత్తం ఒకే స్థానమైతే ఈ చిన్న చిన్న కోటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పార్టీ గుర్తు పైకి తేలుతుంది. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి, ముందున్న పార్టీ ఆధిక్యాన్ని పెద్ద నియోజకవర్గంలో మరింత పెంచి చూపిస్తుంది.

రెండో గమనిక కాలానికి సంబంధించినది. పోలింగ్ లోక్‌సభ ఓటింగ్‌కు, అంటే ఏప్రిల్ 11కు, దాని ఫలితాలు వచ్చిన మే 23కు మధ్య జరిగింది. లోక్‌సభలో రాష్ట్రంలోని 17 స్థానాలకు గాను తెరాసకు 9, భాజపాకు 4, కాంగ్రెస్‌కు 3 వచ్చాయి. నాలుగు లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీకి రాష్ట్రమంతటా ఎనిమిది జడ్పీటీసీలే. కంగ్టి ఉన్న జహీరాబాద్ లోక్‌సభ స్థానంలో తెరాస అభ్యర్థి బి.బి.పాటిల్ కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్‌రావు మీద 6,229 ఓట్ల తేడాతో మాత్రమే బయటపడ్డారు. ఢిల్లీకి వేసే ఓటు, మండలానికి వేసే ఓటు దాదాపు నెల తేడాలోనే వేర్వేరు దారుల్లో నడిచాయి. రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీతో ఉంటేనే పనులవుతాయన్న అంచనా పరిషత్ ఓటులో బలంగా పనిచేస్తుంది. శాసనసభ్యుడు పి.కిష్టారెడ్డి మరణంతో 2016లో జరిగిన నారాయణఖేడ్ ఉప ఎన్నికలో అధికార పార్టీ అభ్యర్థి ఎం.భూపాల్‌రెడ్డి 50 వేలకు పైగా ఆధిక్యంతో గెలవడంలోనూ ఈ అంచనా కొంత ఉంది.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో మొదలైన పరిషత్ ఎన్నికలు కరోనా వల్ల ఆగి, 2021 ఏప్రిల్ 8న పోలింగ్‌కు చేరాయి. న్యాయ వివాదాల వల్ల ఓట్లు ఐదు నెలలకు పైగా పెట్టెల్లోనే ఉండి సెప్టెంబర్ 19న లెక్కకు వచ్చాయి. ప్రధాన ప్రతిపక్షం తెలుగుదేశం ఎన్నికలను బహిష్కరించింది. 13 జిల్లా పరిషత్తులూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి.

ఇంగ్లండ్ జిల్లా మండళ్లతో పోలిక

స్థానిక ప్రభుత్వం అనే భావన మనకు బ్రిటిష్ పాలన ద్వారా, ముఖ్యంగా 1882 రిప్పన్ తీర్మానం ద్వారా వచ్చింది కాబట్టి ఈ పోలికకు అర్థముంది. ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లో కౌంటీ పైమెట్టు, దాని కింద జిల్లా మండలి. ఈ రెండంచెల రూపం 1972 స్థానిక ప్రభుత్వ చట్టంతో 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి జిల్లా మన జిల్లా అంత పెద్దది కాదు. పనుల్లో చూస్తే అది మన మండలానికీ జిల్లాకూ మధ్యస్థంగా ఉంటుంది. చెత్త సేకరణ, గృహవసతి, కట్టడాల అనుమతులు దాని బాధ్యతలు.

మే నెల మొదటి గురువారం పోలింగ్. పదవీకాలం నాలుగేళ్లు. కొన్ని మండళ్లు ఒకేసారి, మరికొన్ని మూడో వంతు చొప్పున ఎన్నికలు జరుపుతాయి. ఒక వార్డుకు ఒకరికి మించి సభ్యులుండవచ్చు, అప్పుడు ఓటరుకు అన్ని ఓట్లు ఉంటాయి. ఓటరు ముద్రకు బదులు పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతాడు. 2023 మే నుంచి గుర్తింపు కార్డు చూపించడం తప్పనిసరి అయింది. మనకు రిజర్వేషన్ల జాబితా ఎంత ముఖ్యమో వారికి వార్డు సరిహద్దుల సమీక్ష అంత. కులం, లింగం ఆధారంగా స్థానాల కేటాయింపు లేదు.

2019 మే 2న, అంటే తెలంగాణ పరిషత్ మొదటి విడతకు నాలుగు రోజుల ముందు, ఇంగ్లండ్‌లో 248 మండళ్లకు ఎన్నికలు జరిగాయి. ఎక్కువ భాగం జిల్లా మండళ్లే. పాలక కన్సర్వేటివ్ పార్టీ 1,300కు పైగా స్థానాలు కోల్పోయింది, లిబరల్ డెమోక్రాట్లు 700కు పైగా అదనంగా గెలిచారు. బ్రెగ్జిట్ మీద కోపంతో ఉన్న ఓటరు అక్కడ పాలక పార్టీని కొట్టాడు, ఇక్కడి ఓటరు పాలక పార్టీని ఇంకా పైకెత్తాడు. ఓటు వేసినవారు అక్కడ మూడో వంతు, ఇక్కడ నలుగురిలో ముగ్గురు. సొంత పన్నుతో నడిచే మండలి ఓటరు ప్రభుత్వానికి కోపం చూపించగలడు. రాష్ట్రం ఇచ్చే నిధుల కోసం ఎదురుచూసే మండలపు ఓటరుకు ఆ తీరిక తక్కువ.

రెండో మెట్టు అక్కడా ఉంది. ఎన్నికల తర్వాత జరిగే వార్షిక సమావేశంలో సభ్యులు నాయకుణ్ణి ఎన్నుకుంటారు. ఏ పార్టీకీ సగం దాటకపోతే ఫలితాల పట్టికలో ఆ మండలిని ‘ఎవరికీ ఆధిక్యం లేనిది’గా చూపుతారు. పార్టీలు బహిరంగంగా ఒప్పందాలు చేసుకుని కలిసి నడుపుతాయి. పార్టీ మారిన సభ్యుడి పదవి పోదు, విప్ ధిక్కారానికి చట్టపరమైన శిక్ష లేదు. ఈ రెండంచెల పద్ధతి కూడా సాగనంపే దశలో ఉంది. 2024 డిసెంబర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం జిల్లా మండళ్లను తీసేసి ఒకే అంచె మండళ్లు పెడతామని శ్వేతపత్రంలో ప్రకటించింది.

అధికారాలు, నిధులు

రాజ్యాంగం 11వ షెడ్యూలు 29 అంశాలను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించవచ్చంది. అప్పగించింది కొద్దిపాటే. జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలుంటాయి: ప్రణాళిక–ఆర్థిక, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య–వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. ఊళ్లలోని ఉన్నత పాఠశాలల గోడల మీద జిల్లా పరిషత్ పేరు ఇంకా ఉంది. ఉపాధ్యాయుల జీతం, బదిలీ మాత్రం ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

ఎంపీటీసీ పరిస్థితి మరీ ఇరకాటం. సర్పంచుకు చెక్కు మీద సంతకం ఉంది, శాసనసభ్యుడికి నియోజకవర్గ నిధి ఉంది, ఎంపీటీసీకి మూడు నెలలకోసారి సర్వసభ్య సమావేశంలో మాట్లాడే అవకాశం ఉంది. 2015–20 కాలానికి 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లన్నీ గ్రామ పంచాయతీలకే ఇవ్వడంతో మండల, జిల్లా పరిషత్తుల ఖజానా ఎండిపోయింది. 15వ ఆర్థిక సంఘం మూడు అంచెలకూ వాటా పునరుద్ధరించింది: గ్రామానికి 70 నుంచి 85 శాతం, మండలానికి 10 నుంచి 25, జిల్లాకు 5 నుంచి 15.

ఇంత తక్కువ అధికారానికి అంత పోటీ ఎందుకన్న ప్రశ్నకు ఒక జవాబు శాసనమండలిలో ఉంది. 2007లో మండలి పునరుద్ధరణ తర్వాత స్థానిక సంస్థల నియోజకవర్గాల నుంచి సభ్యులను ఎన్నుకునే ఓటర్లలో ఎంపీటీసీలు, జడ్పీటీసీలే అధికం. ఆ ఎన్నికలప్పుడు కంగ్టి ఎంపీటీసీ కోసం కూడా జిల్లా నాయకులు వాకబు చేస్తారు. పార్టీకి మరో లెక్క ఉంది. బూత్ స్థాయిలో తనవారెవరో తెలుసుకోవడానికి, రేపటి శాసనసభ అభ్యర్థులను పరీక్షించుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన తూకం లేదు.

2024 తర్వాత

2019లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 జులై మొదటి వారంలో ముగిసింది. జిల్లా పరిషత్తులకు కలెక్టర్లు, మండల పరిషత్తులకు ఇతర అధికారులు ప్రత్యేకాధికారులయ్యారు. 2024 నవంబర్‌లో మొదలైన కులగణన వెనుకబడిన తరగతుల జనాభాను, ముస్లింలలోని వెనుకబడిన తరగతులతో కలిపి, 56.33 శాతంగా చూపింది. దాని ఆధారంగా 42 శాతం కోటాకు 2025 మార్చిలో శాసనసభ బిల్లులు ఆమోదించింది. సెప్టెంబర్ 26న ప్రభుత్వం ఆ కోటాను అమలు చేస్తూ జీవో 9 జారీ చేసింది. మూడు రోజులకు ఎన్నికల కమిషనర్ ఐ.రాణీ కుముదిని షెడ్యూలు ప్రకటించారు. 31 జిల్లాల్లో 565 జడ్పీటీసీ, 5,749 ఎంపీటీసీ స్థానాలకు అక్టోబర్ 23, 27 తేదీల్లో పోలింగ్, నవంబర్ 11న లెక్కింపు. నామినేషన్లు మొదలైన రోజే, అక్టోబర్ 9న, హైకోర్టు జీవో 9పై స్టే ఇచ్చింది. వారం తర్వాత సుప్రీంకోర్టు ఆ స్టేలో జోక్యానికి నిరాకరించింది.

50 శాతం పరిమితికి లోబడి గ్రామ పంచాయతీలకు మాత్రం 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు బాధ్యతలు తీసుకునే నాటికి మండల పరిషత్, జిల్లా పరిషత్ కార్యాలయాల్లో అధ్యక్షుల కుర్చీలు ఏడాదిన్నరగా ఖాళీగానే ఉన్నాయి.